మాత్ర ఆపిన తేదీ రాసుకున్నారా?

కిందటి నెల ఈ శీర్షికలో వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్ట్రాల్ గురించి రాస్తూ, చివర్లో "పిల్లల కోసం ప్లాన్ చేసుకునే ఆడవాళ్లు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు ఆపాలి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఎప్పుడు ఆపాలి, ఆపితే ఏమవుతుంది, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది చెప్పలేదు. దాంతో ఉత్తరాలు వచ్చిపడ్డాయి, కొన్ని తిడుతూ కూడా. తిట్లు న్యాయమే, కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దీనికే.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు మాటలు. ఈ జబ్బు పూర్తి పేరు ఫెమీలియల్ హైపర్‌కొలెస్టరోలీమియా, అందరూ ఎఫ్‌హెచ్ అనేస్తారు. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ని, అంటే చెడు కొలెస్ట్రాల్‌ని, పట్టుకుని లోపలికి లాక్కోవడానికి కాలేయం మీద గ్రాహకాలు ఉంటాయి. వాటిని కనిపెట్టినందుకే అమెరికా శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. అమ్మ నుంచో నాన్న నుంచో లోపమున్న జన్యువు ఒకటి వచ్చిందంటే ఈ గ్రాహకాల పని సగానికి సగం పడిపోతుంది, రెండున్నర రోజుల్లో రక్తంలోంచి వెళ్లిపోవాల్సిన ఎల్‌డీఎల్ నాలుగున్నర రోజులు అక్కడే తిరుగుతూ పుట్టినప్పటి నుంచీ రక్తనాళాల గోడల్లో పేరుకుంటూ వస్తుంది. సుమారు 250 మందిలో ఒకరికి ఇది ఉంటుంది. తిండి ఎక్కువై వచ్చిందీ కాదు, కడుపు మాడ్చుకుంటే పోయేదీ కాదు.

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఎఫ్‌హెచ్ ఉందని నాలుగేళ్ల క్రితం తెలిసింది, అప్పటి నుంచి రోజూ రాత్రి రోసువాస్టాటిన్ 20 వేసుకుంటున్నాను. నెలసరి ఎప్పుడూ అటూ ఇటూగానే వస్తుంది కాబట్టి నెల తప్పిందని ఆలస్యంగా తెలుసుకున్నాను. స్కానింగ్‌లో ఏడు వారాలన్నారు. మందుతో ఇచ్చే కాగితంలో గర్భిణులు వాడకూడదని ఉంది. తీయించేసుకోవడమే మంచిదని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. వారం నుంచి నిద్ర లేదు.

జవాబు: తీయించుకోవద్దమ్మా. స్టాటిన్ వేసుకున్నానన్న ఒక్క కారణంతో ఏ గర్భాన్నీ తీయించుకోనక్కర్లేదు. ఈ మాట మీ పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

ముందు లెక్క సరిచేసుకుందాం. ఏడు వారాలంటే చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క, గర్భం నిలిచి నిజానికి ఐదు వారాలే అయింది. మాత్ర ఈపాటికి ఆపేసే ఉంటారు, ఆపకపోతే ఈరోజే ఆపండి. రోసువాస్టాటిన్ నాలుగైదు రోజుల్లో దాదాపు పూర్తిగా ఒంట్లోంచి పోతుంది.

ఇక ఆ కాగితం సంగతి. మొదటి స్టాటిన్ అమెరికాలో 1987లో అమ్మకానికి వచ్చినప్పుడు, బిడ్డ ఎదగడానికి కొలెస్ట్రాల్ కావాలి కదా, తొమ్మిది నెలలు ఆపితే తల్లికి పెద్ద నష్టమూ లేదు కదా, ఇక రిస్క్ ఎందుకు అన్న ఆలోచనతో, పెద్ద మోతాదుల్లో జంతువుల మీద చేసిన ప్రయోగాలు కూడా చూసి, అన్నిటికన్నా కఠినమైన వర్గంలో పెట్టేశారు. మనుషుల్లో అనర్థం జరగడం చూసి పెట్టిన హెచ్చరిక కాదు అది. ఆ తర్వాత మీలాగే తెలియక వేసుకున్న వేలాది మంది తల్లుల వివరాలు పరిశీలిస్తే, షుగరు లాంటి ఇతర కారణాలను లెక్కలోకి తీసుకున్నాక, అవకరాలు పెరిగినట్టు స్పష్టంగా తేలలేదు. అందుకే 2021 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ గట్టి నిషేధాన్ని లేబుల్ నుంచి తీసేయమంది. అలాగని హాయిగా వేసుకోమని కాదు, ఎక్కువమంది గర్భం అని తెలియగానే ఆపాలనే ఇప్పటికీ చెబుతున్నారు. గర్భస్రావం రిస్క్ కాస్త పెరుగుతుందా అన్న అనుమానం పూర్తిగా తీరలేదు కూడా. నేను చెప్పేదల్లా, జాగ్రత్త వేరు, భయంతో కడుపు తీయించుకోవడం వేరు.

మీ గైనకాలజిస్టుకి ఏ మందు, ఎంత మోతాదు, ఏ తేదీ వరకు వేసుకున్నారో రాసివ్వండి. అయిదో నెలలో అందరికీ చేసే అవయవాల స్కానింగ్ తప్పకుండా చేయించుకోండి. ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టకపోతే ఇవాళే మొదలుపెట్టండి.

ఇంకొక్క మాట. బీపీకి కూడా ఏదైనా మాత్ర వాడుతున్నారా? స్టాటిన్ గురించి ఇంత కంగారు పడేవాళ్లు రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రల గురించి అసలు అడగరు. బిడ్డ కిడ్నీలకు నిజంగా హాని చేసేవి అవి. వాడుతుంటే వెంటనే డాక్టర్‌తో చెప్పి మార్పించుకోండి.

ప్రశ్న: నా వయసు 31. మందు లేకుండా నా ఎల్‌డీఎల్ 268, రోసువాస్టాటిన్, ఎజెటిమైబ్ కలిపి వాడితే 118. పిల్లల కోసం మూడు నెలల ముందే అన్నీ ఆపాలని ఒక డాక్టర్, నెల చాలని ఇంకొకరు చెప్పారు. ఎవరి మాట వినాలి? నెల తప్పడానికి ఏడాది పడితే అన్నాళ్లూ మందు లేకుండా ఉంటే నా గుండె ఏమవుతుంది? మా నాన్నకి 44 ఏళ్లకే స్టెంట్ వేశారు.

జవాబు: ఇద్దరూ తప్పు చెప్పలేదు. బ్రిటన్ మార్గదర్శకాల్లో మూడు నెలలని ఉంది, అమెరికా గుండె వైద్య సంఘాలు 2018లో ఒకటి రెండు నెలలన్నాయి. మందు ఒంట్లోంచి పోవడానికి నెలలు పట్టదని పైన చెప్పాను కదా, కాబట్టి ఈ గడువంతా అదనపు జాగ్రత్తే. మీ ఇంటి చరిత్ర, మీ అంకెలు చూస్తే నేను నెల చాలనే వైపు ఉంటాను. ఎజెటిమైబ్ కూడా స్టాటిన్‌తో పాటే ఆపేయండి, దాని మీద గర్భిణుల్లో తగినంత సమాచారం లేదు. కొలెస్ట్రాల్ తగ్గించే ఇంజెక్షన్లు వాడేవాళ్లకు మాత్రం లెక్క వేరు. ఆరు నెలలకొకటి వేసే ఇంక్లిసిరాన్ ఉంది, ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేం, అది వాడేవాళ్లు ప్లాన్ గురించి చాలా ముందే చెప్పాలి.

గుండె గురించి. పేరుకోవడం అనేది దశాబ్దాల వ్యవహారం, మీకు ఇప్పటివరకు గుండె జబ్బు లేకపోతే ఒక ఏడాది విరామం వల్ల కథ మారిపోదు. కానీ "లేకపోతే" అన్న మాట నోటితో అనుకుంటే చాలదు, ఆపే ముందే చూపించుకోవాలి. బీపీ, షుగరు, ఈసీజీ, అవసరమైతే ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష. థైరాయిడ్ తప్పనిసరి, అది తగ్గితే ఎల్‌డీఎల్ దానంతటదే ఎగబాకుతుంది, పైగా బిడ్డకీ మంచిది కాదు. ఇప్పటిదాకా చేయించుకోకపోతే లైపోప్రోటీన్ ఏ అనే ఇంకో చెడు కొవ్వు కణం పరీక్ష ఒక్కసారి చేయించండి, మీ నాన్నగారికి అంత చిన్న వయసులో స్టెంట్ పడిందంటే అది కూడా ఎక్కువ ఉందేమో చూడాలి.

నా దగ్గరికి వచ్చేవాళ్లకి ఒక పద్ధతి పెట్టాను. మాత్ర ఆపిన రోజు క్యాలెండర్ మీద రాసి, అక్కడి నుంచి ఆరు నెలలు లెక్కపెట్టి ఇంకో గుర్తు పెట్టమంటాను. ఆ తేదీకి నెల తప్పకపోతే మళ్లీ రావాలి. మామూలుగా 35 లోపు వాళ్లకి సంతానం గురించి పరీక్షలు ఏడాది ఆగి చేస్తారు, మీరు అంత ఆగొద్దు, ఆరు నెలలకే ఇద్దరూ పరీక్షలు చేయించుకోండి. ఆ పరీక్షలు జరిగే రెండు మూడు నెలలు కుటుంబ నియంత్రణ పాటిస్తూ మాత్ర మళ్లీ వేసుకోవచ్చు కూడా. ఈ సంగతి ఎవరూ చెప్పరు, ఎందుకో తెలియదు.

ప్రశ్న: నేను కూడా ఎఫ్‌హెచ్ పేషెంట్‌నే. మాకు పిల్లలు కావాలి. మగవాళ్లు కూడా మాత్ర ఆపాలా?

జవాబు: అక్కర్లేదు. వేసుకుంటూనే ఉండండి.

ప్రశ్న: ఏడో నెల నడుస్తోంది. ఎందుకైనా మంచిదని రక్తపరీక్ష చేయించాం. మొత్తం కొలెస్ట్రాల్ 398, ఎల్‌డీఎల్ 274, ట్రైగ్లిజరైడ్లు 310. రిపోర్టు నిండా ఎర్ర గుర్తులే. గర్భానికి ముందు మాత్రతో ఎల్‌డీఎల్ 130 ఉండేది. అప్పటి నుంచి అమ్మ నాకు నూనె చుక్క లేకుండా వండిపెడుతోంది, గుడ్డు పాలు కూడా మానిపించింది. నెల రోజులుగా బరువు పెరగలేదు.

జవాబు: అమ్మగారిని వెంటనే ఆపండి. ఆవిడ ప్రేమ నాకు అర్థమైంది, కానీ మీ బరువు పెరగకపోవడం ఆ 274 కన్నా నన్ను ఎక్కువ భయపెడుతోంది.

గర్భంలో ప్రతి తల్లికీ కొలెస్ట్రాల్ పెరుగుతుంది. హార్మోన్లు తయారుకావాలి, మాయకు కావాలి, బిడ్డ మెదడుకు కావాలి, అందుకే ఒళ్లే పెంచుకుంటుంది. ఏ జబ్బూ లేనివాళ్లలోనే మొత్తం కొలెస్ట్రాల్ పాతిక నుంచి యాభై శాతం దాకా, ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలోని ఇంకో రకం కొవ్వు, రెండు మూడు రెట్లు పెరుగుతాయి. మీకు దానికి తోడు మాత్ర ఆగింది. కాబట్టి ఈ అంకెలు రావడంలో వింత లేదు, రాకపోతే వింత. ల్యాబు వాళ్ల ఎర్ర గుర్తులు గర్భిణి కాని మనిషి కొలతలతో పెట్టినవి. ఫలితం చూసి వైద్యం మార్చే ఉద్దేశం ఉంటే తప్ప గర్భంలో ఈ పరీక్ష చేయించకూడదన్నదే నా అభిప్రాయం, బ్రిటన్ మార్గదర్శకాలు కూడా మామూలుగా చేయొద్దనే చెబుతాయి. చేయిస్తే వచ్చేది టెన్షనే.

ట్రైగ్లిజరైడ్లు మాత్రం ఒక కంట కనిపెట్టాలి. 500 దాటితే వెంటనే డాక్టర్‌కి చెప్పాలి, వెయ్యి దాటితే పాంక్రియాస్ వాపు వచ్చే ప్రమాదం ఉంది. పైకడుపులో మొదలై వీపులోకి పొడిచే నొప్పి, వాంతులు ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మీ 310కి అంత దూరం లేదు, ఏడో నెలలో ఇది మామూలే.

గర్భంలో వాడదగ్గ మందే లేదా అని మీరు అడగలేదు కానీ చాలామంది అడిగారు. ఉంది. కొలెస్టిరమిన్ అనే పొడి, దాని జాతిదే కొలెసెవెలామ్ అనే మాత్ర. ఇవి పేగుల్లోనే ఉండి పిత్తరసాన్ని పట్టుకుని బయటికి పోతాయి, రక్తంలోకి వెళ్లవు, అందుకే బిడ్డకు చేరవు. పొడి వాడకం మాత్రం అంత సులువు కాదు. గ్లాసు నీళ్లలో కలిపితే కరగదు, సన్న ఇసుక కలిపిన నీళ్లలాగా పళ్ల మధ్య తగులుతుంది, సగం అడుగునే ఉండిపోతే మళ్లీ నీళ్లు పోసి తిప్పి తాగాలి. వేవిళ్లతో ఉన్న మనిషికి దాన్ని తాగించడం ఎంత కష్టమో ఊహించుకోండి. మలబద్ధకం ఎటూ ఉండే రోజుల్లో ఇది ఇంకాస్త పెంచుతుంది. ఐరన్, ఫోలిక్ యాసిడ్, థైరాయిడ్ మాత్రలను కూడా ఇది పట్టేసుకుంటుంది కాబట్టి వాటిని గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. ఎ, డి, ఇ, కె విటమిన్లు తగ్గుతాయేమో చూసుకోవాలి, ముఖ్యంగా కె, కాన్పు దగ్గరపడేకొద్దీ, రక్తం గడ్డకట్టే వ్యవహారం కదా. వీటన్నిటి మీద ట్రైగ్లిజరైడ్లను పెంచే గుణం కూడా దీనికి ఉంది. అందుకే 310 ఉన్న మీకు నేనైతే ఇది రాయను. రెండు నెలలాగితే కాన్పు అయిపోతుంది.

కొవ్వు విషయంలో మాంసం మీద కనిపించే కొవ్వు, వెన్న, బేకరీ సరుకు తగ్గిస్తే చాలు. గుడ్డు, పాలు, చేప, పప్పులు తినండి. ఎఫ్‌హెచ్‌లో ఎంత కట్టడి చేసినా తిండితో తగ్గేది పది పదిహేను శాతమే, దానికోసం బిడ్డను పస్తు పెట్టొద్దు. మరోమాట, ఎఫ్‌హెచ్ ఉంది కాబట్టి సిజేరియన్ చేయాలని ఎవరైనా అంటే నమ్మకండి.

ప్రశ్న: మా ఆవిడకి 26 ఏళ్లు. ఆమె తల్లిదండ్రులు దగ్గరి బంధువులు, ఇద్దరికీ కొలెస్ట్రాల్ ఉంది. ఈమెకు చిన్నప్పటి నుంచే మోకాళ్ల మీద, మడమల వెనక గడ్డలున్నాయి. మందులు వాడకముందు ఎల్‌డీఎల్ 540. పిల్లల్ని కనొచ్చా?

జవాబు: మీ ఉత్తరం చదివి రెండు రోజులు పక్కన పెట్టి మళ్లీ తీశాను. పైన రాసిన ధైర్యాలేవీ మీ ఇంటికి వర్తించవు. ఆమెకు లోపమున్న జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చినట్టుంది. ఇది చాలా అరుదు, సుమారు మూడు లక్షల మందిలో ఒకరికి వస్తుంది. వీళ్లకు ఇరవైల్లోనే గుండె రక్తనాళాలు పూడటం, బృహద్ధమని కవాటం దగ్గర ఇరుకు కావడం జరగొచ్చు. గర్భంలో గుండె యాభై శాతం దాకా ఎక్కువ రక్తాన్ని తోడాలి, ఇరుకైన కవాటంతో అది చేయలేకపోవచ్చు. కాబట్టి ముందు ఎకో, అవసరమైతే రక్తనాళాల సీటీ. ఆ రిపోర్టులు వచ్చేదాకా గర్భం రాకుండా చూసుకోండి.

అవి బాగుంటే కనొచ్చు, ఇలాంటి తల్లులు కన్నారు. ఇక్కడ ఎఫెరెసిస్ అనేది పెద్ద ఆసరా. డయాలసిస్ లాంటిదే అనుకోండి, రక్తాన్ని ఒక గొట్టంలోంచి యంత్రంలోకి పంపి ఎల్‌డీఎల్‌ని వడకట్టి మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తారు. వారానికో రెండు వారాలకో ఒకసారి, కొన్ని గంటలు. గర్భంలో చేయొచ్చు. 2021లో లేబుల్ మార్చినప్పుడు, ఇలాంటి అతి ఎక్కువ రిస్క్ ఉన్నవాళ్ల విషయంలో స్టాటిన్ కొనసాగించాలా అన్నది మనిషిని బట్టి డాక్టర్ నిర్ణయించవచ్చని కూడా అన్నారు. గుండె డాక్టరు, గైనకాలజిస్టు, మత్తు డాక్టరు ముగ్గురూ ఒకేచోట ఉండే పెద్ద ఆసుపత్రిలోనే మొదటి రోజు నుంచీ చూపించండి.

మీరు కూడా పరీక్ష చేయించుకోండి. ఆమె దగ్గరున్న రెండు జన్యువులూ లోపమున్నవే కాబట్టి పుట్టే ప్రతి బిడ్డకీ ఒకటి తప్పనిసరిగా వస్తుంది. మీకు లేకపోతే బిడ్డకు మామూలు ఎఫ్‌హెచ్, మందులతో చక్కగా నడుస్తుంది. మీకూ ఉంటే బిడ్డకు అమ్మ జబ్బే వచ్చే అవకాశం సగానికి సగం.

ప్రశ్న: నా వయసు 38. పెద్దవాడికి ఐదేళ్లు, పాపకి రెండున్నర. పెద్దవాడి కోసం మాత్ర ఆపాను, ఏడు నెలలకి కడుపు నిలిచింది. ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టమని నాకు ఎవరూ చెప్పలేదు. ఇద్దరికీ ఏడాది చొప్పున పాలిచ్చాను. మొన్న అల్మారా సర్దుతుంటే సగం వాడిన పాత మాత్రల స్ట్రిప్పు దొరికి గుర్తొచ్చింది. పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ 301. మా నాన్న 46 ఏళ్లకే గుండెపోటుతో పోయారు.

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను కదిలించింది ఇదే, ఎందుకంటే నాకు కనిపించే కేసుల్లో ఎక్కువ ఇలాంటివే. కాగితం మీద లెక్క వేశాను. ఎదురుచూసిన ఏడు నెలలు, రెండు గర్భాలు పద్దెనిమిది, పాలిచ్చినవి ఇరవై నాలుగు, మొత్తం 49 నెలలు. మీరు మాత్ర లేకుండా ఉన్నది 76 నెలలు. మధ్యలో 27 నెలలు ఎవరి కోసమూ కాకుండా, ఊరికే పోయాయి. కాన్పు చేసినవాళ్లు అది గుండె డాక్టర్ పని అనుకుంటారు, గుండె డాక్టర్ దగ్గరికి మీరు వెళ్లరు, చంటిబిడ్డతో తీరిక ఎక్కడ? మీ తప్పని నేననను.

పాలు మానేశారు కాబట్టి ఈ వారమే డాక్టర్‌ని కలిసి మొదలుపెట్టండి. ముందు ఒక సంగతి చూసుకోండి, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉండటం, దవడ లాగడం, ఇదివరకు లేని ఆయాసం ఉంటే వారం దాకా కాదు, ఈరోజే ఈసీజీ. ఏమీ లేకపోయినా 38 ఏళ్లు, ఈ ఇంటి చరిత్ర, ఆరేళ్ల విరామం, కాబట్టి గుండె పరీక్షలు ఒకసారి పూర్తిగా చేయించండి. ఇక పిల్లలు వద్దనుకుంటే లూప్ వేయించుకోండి, మాత్ర వేసుకునే రోజుల్లో మళ్లీ ఏడు వారాల కథ ఉండదు.

పాలిచ్చే తల్లులు చాలామంది అడిగారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. స్టాటిన్ వేసుకుంటూ పాలివ్వొద్దనే లేబుల్ మీద ఇప్పటికీ ఉంది. పైన చెప్పిన పొడి వాడుతూ ఇవ్వొచ్చు. గుండె జబ్బు లేనివాళ్లు నిశ్చింతగా పాలివ్వండి, ఎన్నాళ్లో ముందే అనుకోండి. గుండెకు ఇప్పటికే దెబ్బ తగిలినవాళ్లు మాత్రం డాక్టర్‌తో కూర్చుని, అవసరమైతే డబ్బా పాలకు మారి, మాత్ర త్వరగా మొదలుపెట్టాలి.

ప్రశ్న: బాబు పుట్టి మూడు వారాలైంది. నాకు ఎఫ్‌హెచ్ ఉంది, మావారికి లేదు. వాడికి ఎప్పుడు పరీక్ష చేయించాలి? బొడ్డుతాడు రక్తంతో చూడొచ్చన్నారు, మేం చేయించలేదు.

జవాబు: చేయించకపోవడమే మంచిదైంది, బొడ్డుతాడు రక్తంలో కొలెస్ట్రాల్ చూసి ఎఫ్‌హెచ్ ఉందో లేదో తేల్చలేం. వాడికి వచ్చే అవకాశం సగం, నాణెం ఎగరేసినట్టే. మీ జన్యులోపం ఏదో ఇదివరకే తేలి ఉంటే జన్యుపరీక్ష ఎప్పుడైనా చేయించొచ్చు, తొందరేం లేదు. లేకపోతే రెండేళ్లు నిండాక మామూలు కొలెస్ట్రాల్ పరీక్ష చాలు. ఉందని తేలినా స్టాటిన్ ఇచ్చేది ఎనిమిది పదేళ్ల వయసులోనే. అప్పటిదాకా మీ పాలు తాగనివ్వండి, తర్వాత అందరితో పాటు పెట్టండి. ఇద్దరు తల్లిదండ్రులకూ ఉన్న ఇంట్లో మాత్రం ఇలా ఆగకూడదు, బిడ్డను తొలి ఏడాదిలోనే చూపించాలి.

మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల సంగతి రాయలేదు. వాళ్లలో ఎవరైనా ఇంకా పరీక్ష చేయించుకోకపోతే ఈ పేజీ ఫొటో తీసి పంపండి. మడమ వెనక, కండని ఎముకకు కలిపే స్నాయువుని బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టుకుని చూసుకోమనండి. సన్నగా తాడులా తగలాలి. బొద్దుగా, గరుగ్గా, గడ్డకట్టినట్టు తగిలితే రేపు పొద్దున్నే రక్తపరీక్షకి వెళ్లమనండి, మామూలుగా తగిలినా ఈ నెలలోగా వెళ్లమనండి.